చెక్క ప్రాపా, రూఫ్ బోల్టా?

సింగరేణి భూగర్భ గనుల్లో పైకప్పును ఒకప్పుడు చెక్క ప్రాపులే, అంటే కింద నిలబెట్టే దుంగ స్తంభాలే మోసేవి. ఇప్పుడు ఆ భారం ఎక్కువగా రూఫ్ బోల్టులది.

రెండూ పనిచేసే తీరే వేరు. ప్రాపు కింద నిలబడి, పైనుంచి బరువు దిగేదాకా ఎదురుచూస్తుంది. అంటే పైకప్పులోని రాతి పొరలు కొంత కిందికి వంగాకే అది మోయడం మొదలుపెడుతుంది. బోల్టు అలా కాదు. పైకప్పులోకి రంధ్రం వేసి, సిమెంటు లేదా రెజిన్ (గట్టిపడే జిగురు) క్యాప్సూళ్లతో ఉక్కు కడ్డీని బిగిస్తే, పొరలు విడిపోకముందే వాటిని కుట్టినట్టు కలిపి ఒకే దూలంలా నిలబెడుతుంది. పైన గట్టి ఇసుకరాయి అందితే, బలహీనమైన పొరను దానికి వేలాడదీస్తుంది. దారికి అడ్డం ఉండదు, యంత్రం తగిలి పడిపోతుందన్న భయమూ లేదు.

అయినా ప్రాపుకు ఒక గొప్ప గుణం ఉంది: విరిగే ముందు చిటపటమంటుంది. ఆ చప్పుడే కార్మికుడికి హెచ్చరిక. బోల్టు చాలాసార్లు మౌనంగానే పట్టు వదులుతుంది. అందుకే పట్టు పరీక్షలు, పొరల కదలికను చూపే పరికరాలు లేకుండా బోల్టును నమ్మడం నాకు సమ్మతం కాదు.

రాతి బలం ఒక్కటే చూసి ఎంచుకోవడం పెద్ద పొరపాటు. మన బొగ్గు గనుల్లో పైకప్పును అంచనా వేసే రేటింగ్‌లో 100 మార్కులకు రాతి బలానికి దక్కేది 15 మాత్రమే. పొర మందానికి 30, పగుళ్ల వంటి లోపాలకు 25, తడికి చెడిపోయే గుణానికి 20, నీటి ఊటకు 10.

నా మొగ్గు బోల్టు వైపే. పైకప్పుకు ఆసరాగా వదిలిన బొగ్గు పిల్లర్లను కూడా తవ్వి తీసే చోట మాత్రం బోల్టులతో పాటు చెక్క ప్రాపులు, గళ్లుగా పేర్చిన దుంగలు కూడా ఉండి తీరాలి.