పచ్చిదా, ఉడికించినదా, కాల్చినదా: ఇంట్లో చేసుకునే సల్సాలో ఏది మేలు?

సల్సా అనే మాట మెక్సికోలో ఏ ఒక్క వంటకాన్నీ సూచించదు. అన్నంలో కలుపుకునేవాటినీ నంజుకునేవాటినీ మనం పచ్చడి అన్నట్లే, తోర్తియాలనే మొక్కజొన్న రొట్టెలతోనూ మాంసంతోనూ గుడ్లతోనూ వేసుకునేవాటన్నింటినీ అక్కడివారు సల్సా అంటారు. అమెరికా దుకాణాల్లో సీసాలు కొనడానికి అలవాటుపడిన వారికి మాత్రం చిప్స్ ముంచుకునే తియ్యటి ఎర్రముద్ద ఒక్కటే సల్సాగా మిగిలిపోయింది. టెక్సాస్‌లో కాపురముంటున్న నాకూ మొదటి రెండేళ్లు అంతే తెలుసు. ఇంట్లో చేసుకుందామని పూనుకున్నాకే, అవే టొమాటోలు, అవే మిరపకాయలు, అదే ఉప్పు పచ్చిగా వాడితే ఒక రుచి, ఉడికిస్తే మరొక రుచి, కాలిస్తే ఇంకొక రుచి వస్తాయని, ఈ మూడింటిలో దేనిని ఎంచుకోవాలన్నది చేతిలో ఉన్న టొమాటోను బట్టే తేలుతుందని తెలిసింది.

ఈ రుచి మనకు పరాయిదిగా తోచకపోవడానికి కారణం ఉంది. టొమాటో, చిలీ అనే మాటలు రెండూ మెక్సికో మూలవాసుల నావాత్ల్ భాష నుంచి వచ్చినవి. అక్కడి అంగళ్లలో రకరకాల మిరపకాయల సాస్‌లు అమ్మేవారని 16వ శతాబ్దంలో బెర్నార్దినో దె సహగూన్ అనే స్పానిష్ సన్యాసి రాయించి పెట్టాడు. ఉల్లి, కొత్తిమీర, నిమ్మ స్పెయిన్ ఓడలతో ఆ దేశానికి చేరగా, మిరప ఓడలెక్కి మన దేశానికి వచ్చింది. రామములగ అని మన పెద్దవాళ్లు పిలిచిన పండు కూడా పుట్టుకతో ఆ అమెరికా ఖండానిదే.

ముందుగా పచ్చి సల్సా సంగతి. పీకో దె గాయో అని ప్రసిద్ధమైన దీనిలో టొమాటో, తెల్ల ఉల్లిపాయ, సెరానో మిరపకాయ, కొత్తిమీర సన్నగా తరిగి ఉప్పు, నిమ్మరసం కలుపుతారు. ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ కలిసి మెక్సికో జెండా రంగులు కనిపిస్తాయి కాబట్టి దీనికి జెండా సల్సా అనే పేరు కూడా ఉంది. పొయ్యి వెలిగించే పని లేదు, పావుగంటలో అయిపోతుంది. అయితే దీనిలో లోపాన్ని కప్పిపుచ్చేది ఏదీ లేదు. జూలై, ఆగస్టు నెలల్లో తీగ మీద పండిన టొమాటోతో చేస్తే దీనికి సాటి లేదు. జనవరిలో గట్టిగా, పాలిపోయి ఉన్న టొమాటోతో చేస్తే పచ్చి ఉల్లి ఘాటు తప్ప మరేమీ నాలుకకు తగలదు. తరిగి ఉప్పు కలిపిన 20 నిమిషాలకు గిన్నె అడుగున నీరు చేరుతుంది. ఆ నీటిని వంపేయమని కొందరు చెబుతారు గానీ, టొమాటో గింజల చుట్టూ ఉండే జిగురులోని కమ్మదనం అందులోకే దిగుతుంది కాబట్టి పారబోయడానికి నాకు మనసొప్పదు. అరకిలో టొమాటోలకు సగం ఉల్లిపాయ, రెండు సెరానోలు, ఒక నిమ్మకాయ చాలు. ఉల్లి ముక్కలను ఒకసారి చన్నీళ్లలో కడిగితే ఘాటు తగ్గుతుంది. దీనిని మిక్సీలో మాత్రం వేయకూడదు. పచ్చి టొమాటోలోకి గాలి చొరబడి నురగ కట్టి, ఎరుపు కాస్తా గులాబీ రంగుకు తిరుగుతుంది.

పచ్చి సల్సాకు మరో చిక్కు శుభ్రత. 2008లో అమెరికాలో సాల్మొనెల్లా అనే బాక్టీరియా సోకి 1,400 మందికి పైగా జబ్బుపడినప్పుడు మొదట టొమాటోలను అనుమానించారు, చివరికి హలపేన్యో, సెరానో మిరపకాయల దగ్గర జాడ దొరికింది. కాల్చినా ఉడికించినా ఆ భయం చాలావరకు తీరుతుంది. పచ్చిగా తినదలచిన రోజున మిరపకాయలనూ కొత్తిమీరనూ బాగా కడగాలి, చేసినది రెండు గంటలకు మించి బయట ఉంచకూడదు.

ఉడికించిన సల్సా గురించి చెప్పవలసింది తక్కువే. టొమాటోలను, మిరపకాయలను పది నిమిషాలు నీళ్లలో ఉడికించి, ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు చేర్చి మిక్సీ పడతారు. ఎర్ర టొమాటోతో ఇది నునుపుగా, నెమ్మదిగా ఉంటుంది. పిల్లలకు నచ్చుతుంది, పెద్దలకు కొంచెం చప్పగా తోస్తుంది. ఈ పద్ధతి నిజంగా రాణించేది టొమటీయోతోనే. పలుచని కాగితం లాంటి తొడుగులో ఉండే ఈ ఆకుపచ్చ కాయ మన రస్‌భరీకి దగ్గరి చుట్టం, పులుపు దీని సొత్తు. తొడుగు తీశాక చేతికి అంటే జిగురును కడిగి, కాయ మెరుపు తగ్గి ముదురు ఆకుపచ్చకు మారగానే నీటిలోంచి తీసేయాలి. పగిలేదాకా ఉంచితే రసమంతా నీళ్లపాలవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టిన మరునాడు ఇది జెల్లీలా బిగుసుకుంటే పాడైందని అనుకోనక్కరలేదు, ఆ కాయలో ఉండే, గడ్డకట్టించే గుణమున్న పెక్టిన్ చేసే పని అది. రెండు చెంచాల నీళ్లు కలిపితే మళ్లీ జారుగా అవుతుంది.

ఇక కాల్చినది. తెలుగు ఇంటికి దీనినే మేలైనదిగా నేను లెక్కిస్తాను. బొగ్గుల మీద కాల్చిన వంకాయతో పచ్చడి చేసుకునే వారికి ఈ రుచిని ఎవరూ పరిచయం చేయనక్కరలేదు. కొమాల్ అనే పెనం మీద, నూనె చుక్క వేయకుండా, టొమాటోలను, మిరపకాయలను, ఉల్లి చక్రాలను, పొట్టు తీయని వెల్లుల్లి రెబ్బలను నల్లటి మచ్చలు పడేదాకా కాలుస్తారు. టొమాటోలకు పావుగంట పడుతుంది, వెల్లుల్లికి అందులో సగం చాలు. మన టొమాటో పచ్చడిలో నూనెలో మగ్గించి నీరంతా ఇగరబెడతాం. ఇక్కడ తొక్క మాడుతుండగా లోపలి రసం లోపలే ఉండిపోతుంది. చలికాలపు చప్పటి టొమాటోలో సైతం తీపి కొంత బయటపడి, మాడిన తొక్క చేదు దానికి తోడై, వట్టి నిమ్మరసంతో రానిదేదో సమకూరుతుంది. ఒక్క హెచ్చరిక: దోసెల పెనాన్ని ఇందుకు వాడకండి. టొమాటో పులుపుకు పెనం పదును పోతుంది, మరునాడు మొదటి నాలుగు దోసెలూ అంటుకుపోతాయి. నేను ఈ పాఠం నేర్చుకున్న ఆదివారం ఇంటిల్లిపాదీ ఉప్మా తినవలసి వచ్చింది. వేరే పెనం లేకపోతే అల్యూమినియం రేకు పరిచి కాల్చుకోవచ్చు.

కాల్చినదాన్ని ఎందులో నూరాలన్నది తరువాతి ప్రశ్న. మొల్కహేతే అనే మూడు కాళ్ల రాతి గిన్నె మెక్సికోవారి రోలు. అగ్నిపర్వతపు బసాల్ట్ రాయితో చేయడం వల్ల దానికి సన్నటి రంధ్రాలుంటాయి, మిరప తొక్క వాటికి రాపిడై నలుగుతుంది. కొత్త రోటిని మనం బియ్యంతో నూరి అలవాటు చేసినట్లే దీనిలోనూ పచ్చి బియ్యం పోసి, బూడిదరంగు పొడి రావడం ఆగేదాకా మళ్లీ మళ్లీ నూరాలి. నూరే వరస కూడా మనదే: ముందు ఉప్పు, వెల్లుల్లి, తరువాత మిరపకాయలు, అవి మెత్తబడ్డాక టొమాటోలు. ఉల్లి, కొత్తిమీర చివర్లో కలిపితే చాలు. ఇంట్లో మామూలు రోలు ఉంటే మొల్కహేతే కొనవలసిన అవసరం నాకైతే కనిపించదు. మిక్సీ వాడితే రెండు మూడు సార్లు తిప్పి ఆపేయాలి. ముక్కలు ముక్కలుగా ఉండడమే దీని అందం.

ఎంత కారమైనా తింటామని మనవారు ధీమాగా ఉంటారు, అందులో తప్పూ లేదు. కారాన్ని కొలిచే స్కోవిల్ లెక్కలో హలపేన్యో సుమారు 2,500 నుంచి 8,000 యూనిట్లు, సెరానో 10,000 నుంచి 23,000 వరకు. గుంటూరు సన్నం 35,000 దాటుతుంది. అయినా సల్సాలో గుంటూరు మిరపకాయ వేయడాన్ని నేను సమర్థించను. సెరానోలో ఉండే పచ్చి గడ్డివాసన ఎండుమిరపలో రాదు. కారం చాలదనిపిస్తే మరో సెరానో వేసుకోవాలి, లోపలి తెల్లటి పొరను తీసేయకుండా ఉంచాలి, ఘాటంతా అందులోనే ఉంటుంది. జీలకర్ర, చింతపండు, ఇంగువ తాలింపు చేరిస్తే మంచి పచ్చడే అవుతుంది గానీ సల్సా కాదు. అక్కడివారికీ తాలింపు లాంటిది ఒకటుంది: ఉడికించిన సల్సాను కాగిన కొవ్వులో ఒక్కసారిగా పోసి చిక్కబరుస్తారు. మనం పదార్థం మీద నూనె పోస్తాం, వారు నూనె మీద పదార్థం పోస్తారు.

నిల్వ విషయంలో మూడూ సమానం కావు. పచ్చిది రెండో రోజుకే నీరుకారిపోతుంది. కాల్చినదీ ఉడికించినదీ ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు ఉంటాయి, ఫ్రీజర్‌లో పెడితే నెలల తరబడి నిలుస్తాయి. ఆవకాయ జాడీలు నింపిన అలవాటుతో సల్సాను సీసాల్లోకి ఎక్కించి అల్మరాలో పెడదామనిపించడం సహజమే. కానీ ఆవకాయను కాపాడేంత ఉప్పూ నూనే ఇందులో ఉండవు. టొమాటో పులుపు అసలే అంచు మీద ఉంటుంది. పులుపు లేని ఉల్లి, మిరప చేరితే పీహెచ్ (పులుపు తగ్గేకొద్దీ పెరిగే కొలత) 4.6 అనే హద్దు దాటవచ్చు, అప్పుడు గాలి చొరని సీసాలో బొట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు కలిగించే సూక్ష్మజీవి పెరగగలదు. దాని బీజాలు నీటి మరుగుకు చావవు. అందుకే సీసాల్లో నింపేవారు పరీక్షించి ప్రకటించిన కొలతలనే వాడాలి, ఇష్టమని ఒక ఉల్లిపాయ ఎక్కువ వేయకూడదు, పులుపు స్థిరంగా ఉండే సీసా నిమ్మరసమే పోయాలి. ఆ లెక్కలన్నీ పట్టించుకునే ఓపిక లేని నేను ఆగస్టులో పది కిలోల టొమాటోలు కాల్చి, ఉల్లి, కొత్తిమీర కలపకుండా చిన్న డబ్బాల్లో గడ్డకట్టిస్తాను. ఆ రెండూ తినే రోజున తాజాగా తరిగి కలుపుతాను.