సిడ్నీలో ఆకలి కథ వెతుక్కుంటూ

మా అమ్మాయి, అల్లుడు సిడ్నీకి పడమట హారిస్ పార్క్ దగ్గర ఉంటారు. మొదటి వారం అందరూ చూసేవే మేమూ చూశాం. కానీ ఆపెరా హౌస్ పక్కన రేవులో నిలబడ్డప్పటి నుంచి నాకు ఒకటే ఆలోచన. 1788 జనవరి 26న ఇక్కడ ఓడలు దిగినవాళ్లు ఏం తిన్నారు?

అమెరికా చేజారాక బ్రిటన్‌కు ఖైదీలను పంపడానికి చోటు లేకుండా పోయింది. జైళ్లు నిండిపోయి, పాత ఓడలను థేమ్స్ నదిలో కట్టేసి వాటిలో మనుషులను కుక్కారు. చివరికి 1787 మే 13న పోర్ట్స్‌మత్ నుంచి 11 ఓడలు బయల్దేరాయి. ఏడు వందలకు పైగా ఖైదీలు, సైనికులు, పిల్లలు, గవర్నర్ ఆర్థర్ ఫిలిప్. రియో, కేప్ టౌన్ మీదుగా ఎనిమిది నెలల ప్రయాణం. ముందు బోటనీ బేకి చేరినా అక్కడ మంచినీళ్లు చాలక ఈ రేవుకు వచ్చారు. ఇక్కడ ఒక వాగు ఉండేది. అదే ట్యాంక్ స్ట్రీమ్, ఇప్పుడు నగరం కింద డ్రైనేజీ కాలువ.

సిటీలో ఒక్కరోజే ఉన్నవాళ్లకు నా సలహా, మ్యూజియం ఆఫ్ సిడ్నీ చూడండి. ఫిలిప్ కట్టించుకున్న మొదటి గవర్నర్ ఇల్లు ఉన్న చోటే అది ఉంది. అద్దం కింద ఆ పునాదులు కనిపిస్తాయి. ఖైదీలను ఉంచిన హైడ్ పార్క్ బ్యారక్స్‌ను అందరూ పొగుడుతారు, నాకూ నచ్చింది. వరసగా వేలాడే ఊయల పడకలు, నేల చెక్కల కింద ఎలుకలు లాక్కెళ్లి దాచిన గుడ్డపేలికలు చూస్తే గుండె బరువెక్కుతుంది. ఆ కట్టడం నమూనా గీసిన ఫ్రాన్సిస్ గ్రీన్‌వే కూడా ఖైదీయే. అయితే అది 1819లో పూర్తయిన కట్టడం. కాలనీ మొదలైన రోజులు తెలుసుకోవాలంటే అక్కడ ఎక్కువ దొరకదు. గంటన్నర చాలు.

సిటీలో రెండు రాత్రులు ఉన్నాం. ఆన్‌లైన్‌లో బుక్ చేసిన ఫ్లాట్‌లో వంటగది ఉందని సంతోషపడితే, ఖాళీ చేసేటప్పుడు ముందు చెప్పని క్లీనింగ్ చార్జీ వేశారు. మా ఆయనకు రెండు రోజులు అదే టెన్షన్. బుక్ చేసే ముందు మొత్తం ఎంతో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. వయసులో ఉన్నవాళ్లయితే రేవు పక్కనే రాక్స్ అనే పాత పేటలోని యూత్ హాస్టల్ చూడవచ్చు. పాత వీధులు, ఇళ్ల పునాదులు తవ్వకాల్లో బయటపడ్డ స్థలం మీద స్తంభాలు లేపి కట్టారు. నివసించిన మనుషుల ఆనవాళ్లు కళ్ల ముందే ఉంటాయి.

నాకు నిజంగా కావలసింది సిడ్నీకి పడమట నది మీదున్న పారమట్టాలో దొరికింది. సర్క్యులర్ క్వే నుంచి ఫెర్రీలో వెళ్లండి, గంటన్నర దాకా పడుతుంది. రైలు దీనికంటే చాలా త్వరగా చేరుస్తుంది. కానీ 1788 నవంబరులో ఫిలిప్ మనుషులు సాగుభూమి కోసం ఈ నది వెంటే పైకి వెళ్లారు. మడ అడవుల మధ్య నది సన్నబడుతుంటే వాళ్ల వెతుకులాట అర్థమవుతుంది. ఆటుపోట్ల వల్ల నీళ్లు తగ్గితే ఫెర్రీ రిడల్‌మియర్ దగ్గరే ఆగి, అక్కడి నుంచి బస్సు ఉంటుంది. ముందే చూసుకోండి.

అంత దూరం ఎందుకు వెళ్లారంటే, రేవు పక్కన వేసిన మొదటి పంట పండలేదు. ఆవులు అడవిలోకి తప్పిపోయాయి. (1795లో అవి పెద్ద మందగా దొరికాయి!) గార్డియన్ అనే సరుకుల ఓడ మంచుకొండను ఢీకొంది. 1790 మార్చిలో సిరియస్ ఓడ నార్ఫోక్ దీవి దగ్గర పగిలిపోయింది. అప్పుడు మనిషికి వారానికి రేషన్ రెండున్నర పౌన్ల పిండి, రెండు పౌన్ల పాత ఉప్పు పంది మాంసం, కొంచెం బియ్యం. గవర్నరూ అంతే తీసుకున్నాడు, తన సొంత పిండిని గిడ్డంగికి ఇచ్చేశాడు. ఆయన ఇంటికి భోజనానికి వచ్చే అతిథులు ఎవరి రొట్టె వాళ్లు జేబులో తెచ్చుకునేవారు. ఇది చదివినప్పుడు నాకు ఆయన మీద గౌరవం కలిగింది.

మా అమ్మాయి ఇంటికి పది నిమిషాల నడకలో, హారిస్ పార్క్‌లోనే, ఎక్స్‌పెరిమెంట్ ఫార్మ్ కాటేజ్ ఉంది. జేమ్స్ రూస్ అనే ఖైదీకి 1789 నవంబరులో ఫిలిప్ ఈ నేల అప్పగించాడు. ఒక కుటుంబం తన తిండి తానే పండించుకోవడానికి ఎంత కాలం పడుతుందో చూద్దామని. ఎరువు లేదు, నాగలి లేదు. చెట్లు కాల్చి ఆ బూడిదను నేలలో కలిపాడు, గడ్డిని తిరగేసి మట్టిలో పూడ్చాడు. మా నాన్నగారు మెట్టపొలంలో చేసిన పనే ఇది, నాకు వివరించక్కర్లేదు. 1791 ఫిబ్రవరికి ఇక రేషన్ అక్కర్లేదని రూస్ చెప్పేశాడు. 30 ఎకరాలు అతని సొంతమయ్యాయి. అతని భార్య ఎలిజబెత్ పెరీ కూడా ఖైదీగా వచ్చిన మనిషే.

ఇప్పుడున్న వరండా ఇల్లు రూస్ కట్టింది కాదు, తర్వాత ఆ నేల కొన్న డాక్టర్ జాన్ హారిస్‌ది. ఊరి పేరూ ఆయనదే. కొన్ని రోజులే తెరుస్తారు. మేము మొదటిసారి గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చాం. రెండోసారి లోపల గైడ్ ఓపికగా గంట సేపు చెప్పారు, ఆవిడకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

బయటికి వచ్చి రెండు వీధులు దాటితే విగ్రమ్ స్ట్రీట్. మసాలా దోసె, ఇడ్లీ, బిర్యానీ, అన్నీ దొరుకుతాయి. వారాంతం సాయంత్రం నిలబడడానికి చోటుండదు, మధ్యాహ్నం వెళ్లండి. అల్లుడు దోసె తింటూ ఒక సంగతి చెప్పాడు. 1792 జూన్‌లో అట్లాంటిక్ అనే ఓడ కలకత్తా నుంచి ఈ కాలనీకి బియ్యం, రవ్వ, పప్పు తెచ్చిందట. ఇంటికి వచ్చి వెతికి చూశాను, నిజమే. వాళ్లను నిలబెట్టిన గింజల్లో మన దేశపు గింజలూ ఉన్నాయి.

ఈ నేల అప్పటికే బురమట్టగల్ అనే ఆదివాసీ ప్రజలది. పారమట్టా పేరు వాళ్ల మాటే. 1789 ఏప్రిల్‌లో మశూచి వచ్చి సిడ్నీ చుట్టుపక్కల ఆదివాసీల్లో సగం మంది దాకా పోయారని ఫిలిప్ స్వయంగా రాశాడు. పారమట్టాలోని పాత గవర్నర్ ఇల్లు, కాటేజీలు చూసి వచ్చేవాళ్లు పారమట్టా పార్కులో నది ఒడ్డున కాసేపు ఆగి, ఆ మనుషుల గురించి రాసిన బోర్డులు కూడా చదవాలని నా కోరిక.

చివరి రోజు సెయింట్ జాన్స్ శ్మశానానికి వెళ్లాం, స్టేషన్‌కు దగ్గరే. ఇక్కడి ప్రభుత్వ పొలాన్ని పండించిన హెన్రీ డాడ్ సమాధి అక్కడుంది. 1791 జనవరిలో పోయాడు. చిన్న రాయి, పేరు, సంవత్సరం, అంతే. మా ఆయన దాని మీద పడిన ఎండుటాకులు తీసేశారు.