పోత ఇనుప గ్రిల్ పెనం మీద వేటమాంసం స్టీక్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

రాయగడలో మా ఇంట్లో ఆదివారం వేటమాంసం అంటే ఇగురో పులుసో. తొడ ముక్కని ఎముకతో అలాగే స్టీక్‌లా కాల్చి తినే సరదా ఈ 26 సెంటీమీటర్ల పెనం కొన్నాకే పట్టుకుంది, ఇంకా వదల్లేదు.

ముందు మాంసం సంగతి. తొడని అడ్డంగా అంగుళం మందాన కోయించాలి. మా కొట్టతను మొదట్లో "అంత మందమైతే ఉడకదు బాబూ, చిన్న ముక్కలు కొట్టేస్తాను" అనేవాడు, ఇప్పుడు నన్ను చూడగానే లేత మేకపోతు వెనక తొడ పక్కన పెడుతున్నాడు.

స్టీక్ వంటల లెక్కలు చాలామటుకు గొడ్డుమాంసానివి, అందులో మెత్తటి భాగాలకి ఉప్పూ మిరియాలూ చాలు. మేక తొడలో పీచు ఎక్కువ, కొవ్వు తక్కువ, నానబెట్టక తప్పదు. ముందు రోజు రాత్రి ఉప్పు ఒక్కటే పట్టించి ఫ్రిజ్‌లో పెడతాను. ఉప్పు మొదట నీరు లాగుతుంది, తర్వాత ఆ ఉప్పునీరే చాలావరకు మళ్లీ లోపలికి పోతుంది. కాల్చడానికి గంటన్నర ముందు అరకిలోకి ఒక చెంచా బొప్పాయి ముద్ద, కాస్త పెరుగు, అల్లం వెల్లుల్లి. బొప్పాయి పచ్చికాయే కావాలి, కోస్తే కారే ఆ పాలలో ఉండే పపైన్ అనే ఎంజైమే పీచుని విరగ్గొట్టేది. అలాగని రాత్రంతా ఉంచేస్తే పైపొర పిండి పిండిగా అయిపోతుంది, లోపల మాత్రం గట్టిగానే ఉంటుంది, ఎందుకంటే ఈ ముద్ద కొన్ని మిల్లీమీటర్లకి మించి దిగదు.

పెనం మీద వేసేముందు ముద్దంతా తుడిచెయ్యండి, దయచేసి ఇది మాత్రం వదలొద్దు. పైన తడి ఉన్నంతసేపూ వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, ఎర్రగా కాలడం 140 చుట్టుపక్కలకి వెళ్లాకే మొదలవుతుంది. కారం కూడా దించాకే, ముందు వేస్తే మాడి చేదొస్తుంది.

ఇక పెనం. మధ్యస్థ మంట మీద ఏడెనిమిది నిమిషాలు కాగనిచ్చి నీటి చుక్క వేస్తే అది ఆవిరైపోకుండా పూసలా దొర్లాలి. బరువు ఎక్కువ కాబట్టి చల్లటి ముక్క పడ్డా వేడి ఒక్కసారిగా పడిపోదు, దీని గొప్పతనమంతా అక్కడే ఉంది, పల్చటి నాన్‌స్టిక్ మీద ఇది రాదు. ముక్కకి ఆవనూనె రాసి వేస్తే చుయ్యిమంటుంది, అంచు కొవ్వు కరిగి కరకరలాడుతుంది. థర్మామీటర్ ముల్లు మధ్యలో 63 డిగ్రీలు చూపించగానే దించి, కొయ్యకుండా ఐదు నిమిషాలు వదిలేస్తాను.

పొగ బాగా వస్తుంది, వంటింటి కిటికీ తీసే ఉంచాలి. బొగ్గుల వాసన మాత్రం గ్యాస్ మీద రాదు. అరకు వైపు బొంగులో చికెన్ తన నీటిలోనే మగ్గుతుంది, దానికీ దీనికీ పోలికే లేదు, ఇదంతా పొడి వేడి రుచి.

వానాకాలంలో ఒక్క పూట తడిగా వదిలినా తుప్పే. కడిగిన వెంటనే పొయ్యి మీద ఆరబెట్టి పల్చగా నూనె రాయాలి.

నాకు నచ్చనిది గ్రిల్ పెనం అడుగున చారలుగా లేచి ఉండే ఆ గట్లు. ముక్కకి గట్టు తగిలిన చోటే నల్ల గీత పడుతుంది, మధ్యలో బూడిదరంగులో మిగిలిపోతుంది, సందుల్లో మాడిన కొవ్వు గీకడం పెద్ద పని. చూడ్డానికి చారలు బాగుంటాయి గానీ రుచి అంచు నుంచి అంచు దాకా ఎర్రగా కాలిన ముక్కలో ఉంది. మళ్లీ కొంటే ఇదే పోత ఇనుములో చదునైనదే కొంటాను.