చదువు బాగుంది, అర్హత చూసే పద్ధతే సరిగా లేదు

విశాఖపట్నం మద్దిలపాలెం ప్రాంతంలో ఒక సేవాసంస్థ ప్రభుత్వ జూనియర్ కళాశాలల పిల్లలకు సాయంత్రాలు ఉచితంగా నడుపుతున్న ఈఏపీసెట్ (ఇంజినీరింగ్ వగైరా కోర్సుల ప్రవేశ పరీక్ష) తరగతుల్లో మా ఎదురింటి అమ్మాయిని చేర్పించే బాధ్యత గత జూన్‌లో నా మీద పడింది. వాళ్ల నాన్న ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు కళాసీ, అమ్మ అక్కడే చేపలు కొని వీధుల్లో అమ్ముతుంది. ఇద్దరికీ సంతకం వరకే చదువు.

చేరడానికి ఆ సంస్థ చూసేది ఆదాయ ధ్రువపత్రం ఒక్కటే; తెల్ల రేషన్ కార్డు చూపినా ఒప్పుకోలేదు. కళాసీకి జీతం చీటీ ఉండదు, వేటకు వెళ్లి వచ్చాక దక్కే వాటాయే ఆదాయం. పైగా ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్లకు వేట నిషేధం. బాగా చేప పడిన నెల వాటాను పన్నెండుతో హెచ్చవేసి రాసిన పత్రం సంస్థ పెట్టిన ఆదాయ పరిమితి దాటిపోయింది. దాన్ని సరిచేయించడానికి వార్డు సచివాలయం చుట్టూ మూడుసార్లు తిరిగేసరికి తరగతులు మొదలై రెండు వారాలు గడిచాయి. పత్రం వచ్చేలోగా తాత్కాలికంగానైనా కూర్చోనిమ్మంటే నిర్వాహకులు ససేమిరా అన్నారు.

తల్లిదండ్రులు ఎంతవరకు చదివారన్న ప్రశ్న దరఖాస్తులో ఎక్కడా లేకపోవడం నాకు పెద్ద లోపంగా తోచింది. అమెరికాలో 1960ల నుంచి నడుస్తున్న అప్‌వర్డ్ బౌండ్ పథకంలో, చేరేవారిలో కనీసం మూడింట రెండు వంతుల మంది అటు ఆదాయం తక్కువై, ఇటు తల్లిదండ్రుల్లో ఎవరికీ నాలుగేళ్ల డిగ్రీ లేని పిల్లలై ఉండాలన్నది నియమం. ఇక్కడ అదే బెంచీలో కూర్చునే ఒక అబ్బాయి తండ్రి చిన్న ప్రైవేటు బడిలో లెక్కల మాస్టారు; జీతం తక్కువే, కాని ఇంట్లో లెక్క చెప్పే మనిషి ఉన్నాడు. ఈ పిల్లకు ఆ ఆసరా లేదు.

బోధన మాత్రం మెచ్చుకోదగ్గది. ఇంజినీరింగ్ ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు, వాటిలో 80 లెక్కలే కాబట్టి, మాస్టారు బల్ల మీద గడియారం పెట్టి చిత్తుకాగితం సగానికి మించకుండా లెక్క చేయిస్తారు. తప్పుకు మార్కు కోయరు గనుక ఒక్క ప్రశ్న కూడా వదలవద్దని రోజూ గుర్తుచేస్తారు. కెమిస్ట్రీ అంతంతమాత్రమే.

చేర్పించదలచినవారు వేట నిషేధపు రోజుల్లోనే, తండ్రి ఇంటి పట్టున ఉండగా, పత్రానికి దరఖాస్తు పెట్టించి, ఏడాదిలో వేట లేని నెలల సంగతి అందులో విడిగా రాయించండి.