1 టీబీ పోర్టబుల్ ఎస్ఎస్‌డీ: 931 చూసి ఒక స్టార్ కొట్టే ముందు ఇది చదవండి

రేటింగ్ ముందే చెప్పేస్తా, నాలుగు స్టార్లు. నేను తగ్గించిన ఆ ఒక్క స్టారు మాత్రం విండోస్‌లో కనిపించే 931 జీబీ గురించి కాదు. ఏ డ్రైవ్ రివ్యూలు తిరగేసినా అదే గొడవ, 1 టీబీ అని డబ్బులు తీసుకుని 931 ఇచ్చారు, 69 జీబీ నొక్కేశారు, మోసం, కొనకండి అని. మాది పెళ్ళిళ్ళు తీసే స్టూడియో, మా దగ్గర డేటా తెచ్చుకోడానికి వచ్చేవాళ్ళు కూడా కొత్త డ్రైవ్ తెచ్చిచ్చి, మేం సిస్టమ్‌కి పెట్టగానే స్క్రీన్ చూసి "అన్నా ఇది డూప్లికేటేమో ఒకసారి చూడవా" అంటారు. డూప్లికేట్ కాదు తమ్ముడూ, లెక్క వేరు అంతే. ఏ కంపెనీదో రాయట్లేదు ఎందుకంటే ఈ లెక్క అన్ని కంపెనీలకీ ఒకటే.

డ్రైవ్ చేసేవాళ్ళు వెయ్యి చొప్పున పోతారు. వెయ్యి బైట్లు ఒక కేబీ, వెయ్యి కేబీలు ఒక ఎంబీ, అలా పోతే 1 జీబీ అంటే వంద కోట్ల బైట్లు, 1 టీబీ అంటే సరిగ్గా లక్ష కోట్ల బైట్లు. విండోస్ 1024 చొప్పున పోతుంది, దాని లెక్కలో 1 జీబీ అంటే 107 కోట్ల 37 లక్షల 41 వేల 824 బైట్లు. ఇప్పుడు లక్ష కోట్లని దీంతో భాగించండి, 931 చిల్లర వస్తుంది. ధాన్యం 75 కిలోల బస్తాల్లో చెబితే ఒక నంబరు, క్వింటాళ్ళలో చెబితే ఇంకో నంబరు, కుప్ప మాత్రం అంతే ఉంటుంది కదా. నమ్మకపోతే డ్రైవ్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లో చూడండి, జీబీ పక్కనే బైట్లు కూడా రాసుంటాయి, నా దాంట్లో లక్ష కోట్ల పైచిలుకే ఉన్నాయి. అంటే కంపెనీ చెప్పినదానికి ఒక్క బైటు కూడా తగ్గలేదు.

అసలు ఈ 1024 లెక్కకి వేరే పేర్లు పెట్టి చాలాకాలమైంది, 1998లోనే ఐఈసీ అనే అంతర్జాతీయ సంస్థ కిబిబైట్, మెబిబైట్, గిబిబైట్ అని ఖాయం చేసింది. విండోస్ లెక్కపెట్టేది గిబిబైట్లు, పక్కన రాసేది జీబీ అని. నన్నడిగితే తిట్టాల్సింది అక్కడ, డ్రైవ్‌ని కాదు. మా ఆల్బమ్ డిజైనర్‌ది మ్యాక్, ఇదే డ్రైవ్ దానికి పెడితే 1 టీబీ అనే చూపిస్తుంది, యాపిల్ వాళ్ళు 2009లో స్నో లెపర్డ్ అనే మ్యాక్ వెర్షన్ నుంచే వెయ్యి లెక్కకి మారిపోయారు.

కేబీ దగ్గర ఈ రెండు లెక్కలకీ తేడా 2.4 శాతమే కాబట్టి పాత రోజుల్లో ఎవరూ పట్టించుకోలేదు, ఎంబీకి వచ్చేసరికి దాదాపు 5, జీబీకి 7 పైన, టీబీకి 10 దగ్గరికి వెళ్ళిపోయింది. అమెరికాలో దీనిమీద కోర్టుకి కూడా ఎక్కారు, 2007లో డ్రైవ్‌లు చేసే సీగేట్ కంపెనీ సెటిల్‌మెంట్‌కి వచ్చి పాత కస్టమర్లకి 5 శాతం డబ్బులు గానీ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ గానీ ఇస్తామంది. ఇప్పుడు బాక్స్ మీద చీమ తలకాయంత అక్షరాల్లో 1 జీబీ అంటే వంద కోట్ల బైట్లు అని రాస్తున్నారు, చదివేవాడెవడు. (పాత ఫ్లాపీ 1.44 ఎంబీ అయితే ఇంకా విచిత్రం, 1440ని 1024తో గుణించిన లెక్క అది, అంటే సగం ఆ లెక్క సగం ఈ లెక్క, రెండిట్లో దేంట్లోనూ అది 1.44 కాదు.)

ఇదంతా ఎందుకంటే మా పనిలో ఇది నిజంగా భయపెడుతుంది. ఒకటే ఫోల్డర్ మ్యాక్‌లో 500 జీబీ అని కనిపిస్తుంది, విండోస్‌లో కాపీ అయ్యాక 465 అని కనిపిస్తుంది, కుర్రాళ్ళు 35 జీబీ పోయిందని కంగారుపడి మళ్ళీ మొదటి నుంచి కాపీ పెడతారు, పెళ్ళిళ్ళ సీజన్లో రాత్రంతా దానికే పోతుంది. జీబీలు చూడొద్దు. రెండువైపులా ఫోల్డర్ ప్రాపర్టీస్ తెరిచి ఫైళ్ళ సంఖ్య, బైట్ల సంఖ్య పోల్చుకోండి, మ్యాక్ అయితే గెట్ ఇన్ఫోలో ఉంటుంది. బైట్లు ఏ సిస్టమ్‌లో అయినా ఒకేలా లెక్కపెడతారు. ఆ రెండూ కలిసేదాకా కెమెరా కార్డు ఫార్మాట్ కొట్టొద్దు, నేనైతే రెండో కాపీ కూడా పడేదాకా కొట్టనివ్వను. ఒకవేళ ఫైళ్ళ సంఖ్యలో నాలుగైదు తేడా వస్తే మ్యాక్ వదిలిపెట్టే హిడెన్ ఫైళ్ళేమో చూడండి, అవి డాట్‌తో మొదలవుతాయి.

ఇక స్పీడు. బాక్స్ మీద సెకనుకి ఎంత అని రెండు నంబర్లున్నాయి, 10 గిగాబిట్ అని ఒకటి, 1050 ఎంబీ అని ఇంకోటి. ఇంగ్లీషులో చిన్న బి వేస్తే బిట్, పెద్ద బి వేస్తే బైట్, ఎనిమిది బిట్లు ఒక బైటు. 10 గిగాబిట్లని 8తో భాగిస్తే 1250 ఎంబీ, అందులోంచి యూఎస్‌బీ సొంత ఖర్చులు పోగా 1050 అనేది నమ్మదగ్గ నంబరే. కానీ మా పాత సిస్టమ్‌లో ఉన్నది 5 గిగాబిట్ పోర్టు, దాంట్లో సెకనుకి 400 పైచిలుకు వచ్చింది, అది డ్రైవ్ తప్పు కాదు. పొరపాటున యూఎస్‌బీ 2 పోర్టుకి పెట్టారా, అది 480 మెగాబిట్, అంటే కాగితం మీదే 60 ఎంబీ, చేతికొచ్చేది ఇంకా తక్కువ. ఎస్ఎస్‌డీ కొన్నా పాత హార్డ్ డిస్క్ కొన్నా అప్పుడు ఒకటే.

మేం 4కే వీడియో 100 మెగాబిట్‌లో తీస్తాం. సెకనుకి 12.5 ఎంబీ, నిమిషానికి 750 ఎంబీ, గంటకి 45 జీబీ. ఈ డ్రైవ్‌లో అలా 22 గంటల ఫుటేజ్ పడుతుంది, రెండు కెమెరాలు పెట్టి పెళ్ళికొడుకుని చేయడం నుంచి అప్పగింతల దాకా తీస్తే ఒక పెళ్ళికి సరిపోయి కాస్త మిగులుతుంది, అంతే. ఇంకో ముక్క, ఎన్ఆర్ఐ కస్టమర్లు "నెట్‌లో అప్‌లోడ్ చేసెయ్యండి" అంటారు చూశారా, మీ లైన్ కూడా 100 మెగాబిట్ అయితే గంట ఫుటేజ్ ఎక్కడానికి తక్కువలో తక్కువ గంట పడుతుంది, ఎందుకంటే రెండూ అవే 100 మెగాబిట్లు.

ఇప్పుడు నేను స్టార్ ఎక్కడ కోశానో చెప్తా. ఒకటి, పెద్ద కాపీ పెడితే మొదట జోరుగా పోయి, లోపలున్న క్యాష్ (డేటాని ముందు గబగబా దించుకునే తాత్కాలిక జాగా) నిండగానే స్పీడ్ బాగా పడిపోతుంది, బాక్స్ మీద ఆ రెండో స్పీడ్ ఎక్కడా లేదు. నాలుగు ఫొటోలు వేసుకునేవాళ్ళకి తెలీదు గానీ మాలాంటి వాళ్ళకి మండుతుంది. రెండు, డ్రైవ్ ఎక్స్‌ఫ్యాట్‌లో (డ్రైవ్ మీద ఫైళ్ళు సర్దే ఒక పద్ధతి) ఫార్మాట్ అయ్యి వస్తుంది, 128 కేబీ గడులతో. ఎంత చిన్న ఫైలైనా ఒక గడి మొత్తం తినేస్తుంది. రా ఫొటోలు కలర్ చేస్తే పక్కన ఆ మార్పుల వివరాలు దాచే ఎక్స్‌ఎంపీ ఫైళ్ళు పడతాయి కదా, ఒక్కోటి 5 కేబీ అనుకుంటే పదివేల ఫైళ్ళు 50 ఎంబీ ఉండాలి, కానీ డ్రైవ్‌లో జీబీ దాటేస్తాయి. ప్రాపర్టీస్‌లో సైజ్ ఒకటి, సైజ్ ఆన్ డిస్క్ ఒకటి ఉండేది ఇందుకే. ఎన్‌టీఎఫ్ఎస్ అనే విండోస్ పద్ధతిలోకి ఫార్మాట్ చేసుకుంటే మామూలుగా 4 కేబీ గడులే, గొడవ తగ్గుతుంది, కాకపోతే మ్యాక్ దాన్ని చదువుతుంది గానీ రాయనివ్వదు. మేం ఎక్స్‌ఫ్యాట్ అలాగే ఉంచి చిల్లర ఫైళ్ళన్నీ జిప్ చేసి పెడుతున్నాం. ఎజెక్ట్ కొట్టకుండా పీకే అలవాటుంటే మాత్రం ఎక్స్‌ఫ్యాట్‌తో జాగ్రత్త. మూడోది కేబుల్, జానెడుంది, టేబుల్ కింద సీపీయూ ఉంటే డ్రైవ్ గాల్లో వేలాడుతుంది.

నాలుగైదు వందలకి 2 టీబీ పెన్‌డ్రైవ్ అని వచ్చేవి వేరే సంగతి, అవి అచ్చంగా మోసమే. లోపల తక్కువ జీబీల చిప్ పెట్టి, సిస్టమ్‌కి 2 టీబీ అని అబద్ధం చెప్పేలా చేస్తారు, ప్రాపర్టీస్‌లో బైట్లు కూడా కరెక్ట్‌గానే కనిపిస్తాయి, నిండాక వేసిన ఫైళ్ళే తెరుచుకోవు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని ఫ్రీ టూల్ ఉంది, డ్రైవ్ మొత్తం నింపి మళ్ళీ చదివి చూస్తుంది. కొత్తది ఏది కొన్నా రిటర్న్ గడువు లోపల అది ఒకసారి నడపండి, టైమ్ పడుతుంది, పట్టనివ్వండి. ఈ ఎస్ఎస్‌డీ అందులో శుభ్రంగా పాసయింది.

పెళ్ళి సినిమా టీవీలో వేసుకోడానికే అయితే మీకు ఇంత డ్రైవ్ దండగ, మంచి కంపెనీ 64 జీబీ పెన్‌డ్రైవ్ చాలు (విండోస్‌లో 59 చూపిస్తుంది, మళ్ళీ గొడవకెళ్ళకండి). దాన్ని ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఉంచితే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు, డ్రైవ్‌లో ఎంత ఖాళీ ఉన్నా సరే. టీవీ పాతదై ఎక్స్‌ఫ్యాట్ తీసుకోకపోతే మీ ఎడిటర్‌తో చెప్పి ఎదుర్కోలు ఒక ఫైలు, జీలకర్ర బెల్లం ఒక ఫైలు, తలంబ్రాలు ఒక ఫైలు అని ముక్కలు చేయించుకోండి, ఏ ముక్కా 4 జీబీ దాటకుండా.