ఎడిటర్ కావాలనుకుని మూడు ఊళ్లు చూసొచ్చాను

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి యూనివర్సిటీకి మారేవాళ్లకు టైమ్ తక్కువ. మొదటి ఏడాది నుంచీ అక్కడే ఉన్నవాళ్లు క్యాంపస్ పత్రికలో చిన్నా చితకా పనులతో మొదలుపెట్టి, మూడో ఏడాదికల్లా ఎడిటింగ్ డెస్క్ మీదికి వచ్చేస్తారు. మనం అడుగుపెట్టేదే మూడో ఏడాదిలో. చేతిలో ఉండేవి నాలుగు సెమిస్టర్లు. అందుకే ర్యాంకులు పక్కన పెట్టి, వెళ్లిన ప్రతిచోటా ఒకే ప్రశ్న అడిగాను: ఇక్కడ చేరితే, ఇంకొకరు రాసింది దిద్దే పని నా చేతికి ఎప్పుడొస్తుంది?

నేను ఉండేది చికాగో శివార్లలో, చదివేది ఎఫ్-1 విద్యార్థి వీసా మీద. అయోవా, మిస్సోరీలకు బాబాయి కారులో తీసుకెళ్లాడు. బోస్టన్‌కి ఒక్కదాన్నే విమానంలో వెళ్లాను.

అయోవా యూనివర్సిటీ ఉన్న అయోవా సిటీకి ఇంటర్‌స్టేట్ 80 హైవే మీద దాదాపు నాలుగు గంటల ప్రయాణం. రైలు లేదు. విమానంలో వచ్చేవాళ్లు సీడర్ రాపిడ్స్‌లో దిగాలి. ఊళ్లోకి వచ్చాక మాత్రం కారు అక్కర్లేదు. విద్యార్థులే నడిపే కాంబస్ బస్సులు క్యాంపస్ అంతా తిరుగుతాయి, టికెట్ లేదు, ఐడీ కార్డు కూడా అడగరు. బస కోసం ఒక్క జాగ్రత్త: శరదృతువులో ఫుట్‌బాల్ మ్యాచ్ ఉన్న శనివారాలు మానుకోండి. కినిక్ స్టేడియంలో దాదాపు 70,000 మంది పడతారు. ఊరి జనాభా కూడా ఇంచుమించు అంతే. ఆ వారాంతం గదులు దొరకవు, దొరికినా ధర మండిపోతుంది. మేం మామూలు వారం మధ్యలో వెళ్లాం కాబట్టి డౌన్‌టౌన్‌కి నడిచి వెళ్లేంత దూరంలోనే గది దొరికింది.

ఈ ఊరు 2008లో యునెస్కో సాహిత్య నగరం అయింది. 1936 నుంచి ఇక్కడి యూనివర్సిటీలో రచన నేర్పుతున్న రైటర్స్ వర్క్‌షాప్ పేరు అందరికీ తెలిసిందే. అయోవా అవెన్యూలో నడుస్తుంటే కాళ్ల కింద కంచు పలకల మీద రచయితల మాటలు కనిపిస్తాయి. ప్రెయిరీ లైట్స్ అనే పుస్తకాల షాపు 1978 నుంచీ ఉంది, అక్కడ రచయితలు వచ్చి తమ రచనలు చదువుతుంటారు. ఇదంతా చూసి బాబాయి ఒక మాట అన్నాడు. "ఏమ్మా, ఇక్కడ అందరూ రాసేవాళ్లే కనిపిస్తున్నారు. దిద్దేవాళ్లు ఎక్కడున్నారు?"

సరైన ప్రశ్నే. వర్క్‌షాప్ పీజీ వాళ్లది, డిగ్రీ విద్యార్థికి దానివల్ల నేరుగా ఒరిగేది తక్కువ. కానీ డిగ్రీలోనే ఇంగ్లిష్, క్రియేటివ్ రైటింగ్‌తో పాటు పబ్లిషింగ్ ట్రాక్ ఉంది. 1970లో మొదలైన అయోవా రివ్యూ అనే సాహిత్య పత్రిక ఉంది, పుస్తకాలు ప్రచురించే యూనివర్సిటీ ప్రెస్ ఉంది, డిగ్రీ విద్యార్థులే నడిపే సాహిత్య పత్రికలు ఉన్నాయి. విద్యార్థుల వార్తాపత్రిక డైలీ అయోవన్ సరేసరి.

ఒక క్లాసులో వెనక కూర్చోనిచ్చారు. తెర మీద ఒక కథ మొదటి పేజీ వేశారు. మూడో పేరాలో తలుపు మూసిన మనిషి, ఐదో పేరాలో మళ్లీ మూస్తాడు. ఒక అమ్మాయి మార్జిన్‌లో "ఇక్కడ పొరపాటు ఉంది" అని టైప్ చేసింది. టీచర్ ఏమీ అనకుండా ఆగారు. ఆ అమ్మాయే దాన్ని చెరిపేసి, "మధ్యలో ఎవరైనా తలుపు తీశారా?" అని మార్చింది. రచయిత చేత తన వాక్యాన్ని మళ్లీ చూసుకునేలా చేయడం, అదీ నొప్పించకుండా. నేను నేర్చుకోవాలనుకున్న పని సరిగ్గా ఇదే. ఆ క్లాసు నుంచి బయటికి వచ్చేసరికి నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను.

అక్కడి నుంచి మిస్సోరీ యూనివర్సిటీ ఉన్న కొలంబియాకి మళ్లీ నాలుగు గంటలకు పైగా పట్టింది. హైవే పక్కన చవగ్గా ఉందని తీసుకున్న మోటెల్‌లో రాత్రంతా లారీల మోత. వైఫై పేరుకే ఉంది. మర్నాడు అడ్వైజర్‌కి పంపాల్సిన ట్రాన్స్‌క్రిప్ట్ ఫోన్ డేటా మీదే పంపించాను. డౌన్‌టౌన్ క్యాంపస్‌ని ఆనుకునే ఉంటుంది కాబట్టి కొంచెం ఎక్కువైనా అక్కడే దిగడం మంచిది. క్యాంపస్ మాత్రం కన్నులపండువ. 1892 అగ్నిప్రమాదంలో కాలిపోయిన పాత భవనం స్తంభాలు ఆరు, పచ్చిక మధ్యలో ఇప్పటికీ నిలబడే ఉన్నాయి.

ఇక్కడి జర్నలిజం స్కూల్ 1908లో మొదలైంది. స్కూల్ తెరిచిన రోజే పత్రిక కూడా తెచ్చారు. అదే నేటి కొలంబియా మిస్సోరియన్. ఇది క్యాంపస్ కబుర్ల పత్రిక కాదు, ఊరి వార్తలు రాసే పత్రిక. అనుభవం ఉన్న ఎడిటర్ల పర్యవేక్షణలో విద్యార్థులు నడుపుతారు. నేను వెళ్లిన సాయంత్రం న్యూస్‌రూమ్‌లో ఒక కుర్రాడు వార్త దిద్దుతున్నాడు. ఒకే మనిషి పేరు వార్తలో ఒకలా, ఫోటో కింద ఇంకోలా ఉంది. ఏది ఒప్పో ఊహించి మార్చేయలేదు. రిపోర్టర్‌కి ఫోన్ చేశాడు, ఆవిడ తన నోట్స్ తీసి అక్షరం అక్షరం చదివింది. తర్వాత కాలిక్యులేటర్ తీసి, వార్తలో ఉన్న శాతాలు కూడి చూశాడు. ఆ ఓపిక చూసి చాలా గౌరవం కలిగింది.

అయితే ఆ డెస్క్ దాకా రావాలంటే ముందు చేయాల్సిన కోర్సులు వరసగా ఉంటాయి. ట్రాన్స్‌ఫర్ అయి వచ్చినవాళ్లు జర్నలిజంలోకి కొత్తగా దిగితే, మిగిలిన టైమ్‌లో సగం అక్కడే పోతుంది. వార్తల ఎడిటింగ్ మీద మనసున్నవాళ్లకు ఇంతకంటే మంచి చోటు నేను చూడలేదు. నాది పుస్తకాల దారి. రాత నియమాలకు వార్తల వాళ్లు చూసేది అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) స్టైల్‌బుక్, పుస్తకాల వాళ్లు చూసేది 1906 నుంచీ వస్తున్న చికాగో మాన్యువల్. రెండింటి అలవాట్లూ వేరు. పైగా దినపత్రికల్లో వార్తలు దిద్దే కాపీ డెస్క్‌లు ఏటికేడాది చిక్కిపోతున్నాయి. ఇది బాధ కలిగించే విషయమే అయినా, చేరేముందు ఆలోచించాల్సిందే.

బోస్టన్‌లో ఎమర్సన్ కాలేజ్. లోగన్ ఎయిర్‌పోర్ట్ నుంచి ఊళ్లోకి సిల్వర్ లైన్ బస్సు ఎక్కడానికి టికెట్ అక్కర్లేదు. స్టూవర్ట్ స్ట్రీట్‌లో హెచ్ఐ బోస్టన్ హాస్టల్‌లో మంచం తీసుకున్నాను. శుభ్రంగా ఉంది, కాలేజీకి నడిచి వెళ్లిపోవచ్చు. ఆ ప్రాంతంలో హోటల్ రేట్లు విద్యార్థులు భరించేవి కావు. కాలేజీ పక్కనే ఉన్న బాయిల్‌స్టన్ సబ్‌వే స్టేషన్ 1897 నాటిది. రైలు మలుపు తిరిగేటప్పుడు చక్రాల కీచు చెవులు చిల్లులు పొడుస్తుంది. ఎదురుగా బోస్టన్ కామన్ పార్క్.

ఇక్కడ డిపార్ట్‌మెంట్ పేరులోనే రచన, సాహిత్యం, ప్రచురణ మూడూ ఉన్నాయి. 1971లో పుట్టిన ప్లౌషేర్స్ పత్రిక ఇక్కడి నుంచే వస్తుంది. విద్యార్థుల ప్రచురణ సంఘం తోటి విద్యార్థుల రాతప్రతులు ఎంచుకుని, దిద్ది, పేజీలు కట్టి పుస్తకాలు తెస్తుంది. బీకన్ ప్రెస్, నది అవతల ఎమ్ఐటీ ప్రెస్, హార్వర్డ్ యూనివర్సిటీ ప్రెస్, ఈ ప్రచురణ సంస్థలన్నీ దగ్గరే. చదువు విషయంలో నా ప్రశ్నకు అన్నిటికంటే సూటి జవాబు ఇక్కడే దొరికింది. కానీ ప్రైవేటు కాలేజీ ఫీజు, దాని మీద బోస్టన్ అద్దెలు. కొత్తగా చేరే ఫ్రెష్‌మెన్‌కి ఇచ్చే స్కాలర్‌షిప్‌లు చాలాచోట్ల ట్రాన్స్‌ఫర్ వాళ్లకు వర్తించవు, కాబట్టి మనకు ఏముందో విడిగా అడగాలి.

క్రెడిట్ల సంగతి ఇంకా ముఖ్యం. డిగ్రీకి మామూలుగా 120 క్రెడిట్లు. మనం తెచ్చే 60నీ "తీసుకుంటాం" అంటారు. తీసుకోవడం వేరు, మేజర్ (ప్రధాన సబ్జెక్ట్) కింద లెక్కకు రావడం వేరు. లెక్కకు రానివి ఎలక్టివ్‌ల (ఐచ్ఛిక కోర్సుల) ఖాతాలో పడి, అదే విషయం మళ్లీ చదవాల్సి వస్తుంది. పాత జీపీఏ కూడా చాలాచోట్ల మనతో రాదు. నేను విచారించిన మరో యూనివర్సిటీలో డిపాజిట్ కట్టేదాకా ఈ లెక్క చెప్పనే చెప్పమన్నారు. ఎన్ని సెమిస్టర్లు పడతాయో తెలియకుండా డబ్బు ఎలా కట్టగలం? ఆ చోటు వదిలేశాను. మీ సిలబస్ కాపీలు దాచుకోండి, ఏ కోర్సు దేని కింద వస్తుందో ఈమెయిల్‌లో రాయించుకోండి.

ఎఫ్-1 వాళ్లు ఇంకొకటి అడగాలి: ఇంటర్న్‌షిప్ క్రెడిట్ కోర్సుగా ఉందా? ప్రచురణ సంస్థలో పని చేయాలంటే సీపీటీ అనే పని అనుమతి కావాలి, ఆ పని చదువులో భాగం అయితేనే అది ఇస్తారు.

అన్నీ కలిపి చూస్తే నేను అయోవా వైపు మొగ్గాను. నా క్రెడిట్లలో ఎక్కువ భాగం మేజర్‌కి పనికొచ్చింది అక్కడే. మొదటి సెమిస్టర్ నుంచే విద్యార్థుల పత్రికకు వచ్చిన రచనలు చదివే పనికి రమ్మన్నారు. ఇప్పుడు మా కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసుతో మాట్లాడి, సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్) రికార్డు కొత్త యూనివర్సిటీకి విడుదలయ్యే తేదీని వసంత సెమిస్టర్ పరీక్షల తర్వాతకు పెట్టించాను. ఆ తేదీ దాటాకే కొత్త యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం వస్తుంది. ఈలోగా కాంబస్ దారిలో అద్దె గది వెతుకుతున్నాను.