రెండేళ్ళుగా అమ్మ వంటింట్లో వెలుగుతున్న ఫోటో తెర: ఈఎస్‌పీ32, ఎస్‌డీ కార్డు, 2.8 అంగుళాల డిస్‌ప్లే

రాజమండ్రిలో మా అమ్మ వంటింట్లో కాఫీపొడి డబ్బాల పక్కన ఒక చిన్న తెర ఉంది. పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టేముందు దాని స్విచ్ వేస్తుంది, రాత్రి పడుకునేముందు ఆపేస్తుంది, మధ్యలో ఇరవై సెకన్లకో ఫోటో మారుతూ ఉంటుంది. 240 బై 320 పిక్సెళ్ళు, తెరని నడిపే ఐఎల్ఐ9341 కంట్రోలర్ చిప్, వెనక ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటర్ చిప్పు, పక్కన మైక్రో ఎస్‌డీ కార్డు, అంతే. వైఫై వాడట్లేదు, యాప్ లేదు. రెండేళ్ళు దాటింది కాబట్టి ఇప్పుడు రాస్తున్నా, ఎందుకంటే వీటి గురించి దొరికే వీడియోలన్నీ మొదటి ఫోటో తెర మీదకి రాగానే అయిపోతాయి, అసలు కష్టాలు మొదలయ్యేది ఆ తర్వాతే.

మొదట ఆర్డ్యునో ఊనో అనే, నేర్చుకునేవాళ్ళు వాడే చిన్న బోర్డుతో చేశా. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఎర్ర బోర్డు డిస్‌ప్లే కొన్నా, దాని వెనకే ఎస్‌డీ స్లాట్ ఉంటుంది కానీ నాకొచ్చినదాంట్లో స్లాట్ తాలూకు నాలుగు పిన్నులకి హెడర్ (వైర్లు తగిలించే పిన్నుల వరస) లేదు, నేనే సోల్డర్ చేసుకున్నా. ఊనో సిగ్నల్ 5 వోల్టులు, తెరకీ కార్డుకీ కావల్సింది 3.3, కాబట్టి మధ్యలో వోల్టేజ్ తగ్గించే లెవెల్ షిఫ్టర్ పెట్టాల్సిందే. ఇక ర్యామ్ సంగతి, ఊనోకి ఉన్నది 2 కేబీ, పిక్సెల్‌కి రెండు బైట్ల చొప్పున ఒక్క ఫోటోకి కావల్సింది 1,53,600 బైట్లు, పైగా ఎస్‌డీ లైబ్రరీ తన బఫర్ (చదివింది కాసేపు దాచుకునే చోటు) కింద 512 బైట్లు ముందే తీసేసుకుంటుంది. అందుకని ఇరవయ్యేసి పిక్సెళ్ళు చదువుతూ గీస్తూ పోతుంది, గోడకి సున్నం వేస్తున్నంత నిదానంగా బొమ్మ పైనుంచి కిందకి వస్తుంది. నేర్చుకోడానికి బాగుంది, రోజూ చూడ్డానికి కాదు.

తర్వాత ఈఎస్‌పీ32 డెవ్‌కిట్‌కి, అంటే ఆ చిప్ పిన్నులు బయటకి ఇచ్చిన బోర్డుకి, మారా. ఇక్కడ ఒక పూట మొత్తం పోయింది. కార్డు నుంచి డేటా వచ్చే ఎంఐఎస్ఓ వైరు బోర్డు మీది జీపీఐఓ 12 పిన్‌కి ఇచ్చా, కార్డు పెడితే బోర్డు బూట్ అవ్వదు, తీస్తే అవుతుంది. కారణం ఏంటంటే ఆ పిన్ బూట్ టైంలో హైగా (అంటే వోల్టేజ్ ఉండి) ఉంటే చిప్ ప్రోగ్రామ్ ఉండే ఫ్లాష్ మెమరీకి 1.8 వోల్టులే ఇస్తుంది, దానికి కావల్సింది 3.3, కార్డు మాడ్యూల్ మీదున్న పుల్-అప్ రెసిస్టర్ ఆ పిన్‌ని హైకి లాగుతోంది. వైరు వేరే పిన్‌కి మార్చగానే బాగయింది. ఇంకోటి, తెర, కార్డు ఒకే ఎస్‌పీఐ లైన్ల (డేటా పంపుకునే వైర్ల) మీద ఉంటే, కోడ్‌లో కార్డు మౌంట్ చేసేముందే, అంటే తెరిచేముందే, తెర సీఎస్ పిన్ (ఎవరితో మాట్లాడాలో ఎంచుకునే పిన్) హై చేసి తెరని పక్కన పెట్టాలి, లేకపోతే ఒకరోజు కార్డు దొరుకుతుంది, ఒకరోజు దొరకదు. ఇప్పుడు అమ్మ దగ్గరున్నది అందరూ చీప్ ఎల్లో డిస్‌ప్లే అంటారే, ఈఎస్‌పీ32, తెర, కార్డు స్లాట్ అన్నీ కలిసొచ్చే ఆ పసుపు బోర్డు. దాంట్లో తెరకి వేరే, కార్డుకి వేరే లైన్లున్నాయి కాబట్టి ఈ గొడవే లేదు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు నేరుగా అదే కొనుక్కోండి.

ఇక ఫోటోల సంగతి, అసలు పనంతా ఇక్కడే ఉంది. మొదటిసారి తాతగారి ఫోటో బీఎంపీ అనే ఫైలు రకంలో పెడితే ఆయన తలకిందులుగా, మొహం నీలంగా వచ్చారు, అమ్మకి చూపిద్దామని వీడియో కాల్‌లో ఉన్నా అప్పుడు, "అదేంట్రా నాన్నా, తాతయ్య అలా ఉన్నారు" అని చాలా బాధపడింది. బీఎంపీలో వరసలు కింద నుంచి పైకి ఉంటాయి, రంగులు నీలం, ఆకుపచ్చ, ఎరుపు వరసలో ఉంటాయి, నా కోడ్ రెండూ పట్టించుకోలేదు. జేపెగ్‌కి టీజేపీజీ డీకోడర్ లైబ్రరీ బాగా పనిచేస్తుంది, చిన్న చిన్న గళ్ళుగా విప్పుతుంది కాబట్టి ర్యామ్ పెద్దగా తినదు, కానీ ప్రోగ్రెసివ్ జేపెగ్ (మసకగా మొదలై మెల్లగా తేటపడే రకం) అయితే తెరవదు, నెట్‌లోంచి దించుకున్న ఫోటోలు కొన్ని అలాగే ఆగిపోయాయి. ఫోన్ నిలువుగా పట్టుకుని తీసినవి అడ్డంగా పడుకుని వస్తాయి, ఎందుకంటే ఫోటో ఎటు తిప్పాలన్నది ఫైల్లోనే ఉండే ఎగ్జిఫ్ అనే వివరాల్లో రాసుంటుంది, ఈ డీకోడర్ దాన్ని చూడదు.

ఆర్నెల్లు ఇలా ఒక్కోటీ సరిచేసుకుంటూ పోయాక పద్ధతి మార్చేశా. బరువు పని అంతా కంప్యూటర్‌దే. పైథాన్‌లో పిల్లో లైబ్రరీతో చిన్న స్క్రిప్టు, ఫోటోని సరైన దిక్కుకి తిప్పి, 240 బై 320కి కత్తిరించి, ఎరుపుకి 5, ఆకుపచ్చకి 6, నీలానికి 5 బిట్ల చొప్పున ముడి ఫైలుగా రాసేస్తుంది. ఇలా మారిస్తే ఆకాశం మీద చారలు పడతాయి, గోదావరి మీద పొద్దుగుంకే ఫోటోలో మరీ తెలుస్తాయి, మార్చేటప్పుడే డిథరింగ్ (రంగుల తేడాని చుక్కలుగా చల్లేయడం) చేస్తే చాలావరకు పోతాయి. ఫైలు సరిగ్గా 300 సెక్టార్లు (కార్డులో 512 బైట్ల ముక్కలు). మామూలు ఈఎస్‌పీ32లో 150 కేబీ ర్యామ్ ఒకే ముక్కగా దొరకదు కాబట్టి 16 వరసలకో పట్టీ, అంటే 7,680 బైట్లు, చదవడం, తోయడం, ఇరవై సార్లు. డీకోడింగ్ లేదు, పాడవడానికి ఏమీ లేదు.

వేగానికి ఒక్కటే చెప్తా. ఎస్‌డీ లైబ్రరీ ఏమీ చెప్పకపోతే 4 మెగాహెర్ట్జ్‌లో నడుస్తుంది, లెక్క ప్రకారం ఒక ఫోటో చదవడానికే 300 మిల్లీసెకన్ల పైన పడుతుంది, 20 చేస్తే అరవై చిల్లర. నిజానికి రెండూ ఇంకొంచెం ఎక్కువే, కానీ తేడా కంటికి బాగా తెలుస్తుంది. డెవ్‌కిట్‌తో చేసేవాళ్ళు వైర్లు మాత్రం పొట్టిగా పెట్టుకోండి.

నాలుగో నెలలో అమ్మ ఫోన్ చేసి "తెల్లగా వెలుగుతోంది, ఎవరూ రావట్లేదు" అంది. కార్డు పాడైందనుకుని కొత్తది కొరియర్ చేశా, వారానికి అదీ అంతే. ఊరెళ్ళి మల్టీమీటర్ పెట్టి చూస్తే ఛార్జర్ కేబుల్ సన్నది, కార్డు చదివేటప్పుడల్లా వోల్టేజ్ పడిపోతోంది. కేబుల్ మార్చి ఒక 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ వేశా, అప్పట్నుంచి ఒక్కసారి కూడా ఆగలేదు. కార్డులోంచి చదవడమే తప్ప రాయడం లేదు కాబట్టి కరెంటు ఎప్పుడు పోయినా భయం లేదు.

కార్డు 32 జీబీ లోపుది తీసుకుని ఫ్యాట్32 ఫార్మాట్ చేయండి. తక్కువ ధరకి వచ్చిందని నేను ఒకటి కొంటే లోపల చెప్పినంత చోటే లేదు, సగం తర్వాత కాపీ చేసినవన్నీ చెత్త, కొన్నాక ఒకసారి నిండా రాసి చదివి చూసుకోండి. ఫోటోలు పేర్ల వరసలో రావు, కార్డులోకి కాపీ అయిన వరసలో వస్తాయి. మ్యాక్ నుంచి కాపీ చేస్తే చుక్కతో మొదలయ్యే దొంగ ఫైళ్ళు చేరతాయి, కోడ్‌లో వాటిని దాటేయండి.

నాకు మిగిలిన అసంతృప్తి తెర కోణం. ఎదురుగా బాగుంటుంది, ఒక పక్క నుంచి చూస్తే రంగులు తిరగబడతాయి, స్టవ్ దగ్గర నుంచున్నప్పుడు అమ్మకి సరిగ్గా ఆ పక్కే పడేది. దసరాకి వెళ్ళినప్పుడు కింద చెక్కముక్క పెట్టి తలకిందులుగా తిప్పి, కోడ్‌లో రొటేషన్ మార్చా. ఇప్పుడు కూర తిప్పుతూ కూడా కనిపిస్తున్నారట అందరూ.